చెవులున్న నాదస్వరం

1988 జూన్ పదిహేనవ తేదీన, సాయంకాల సేవకు గంట ముందే, కోట నుంచి వచ్చిన బస్సు దిగి, తండ్రిగారిచ్చిన నాదస్వరాన్ని తెల్లగుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని, సముద్రపుటొడ్డున ఉన్న మా చెన్నకేశవస్వామివారి దేవస్థానంలో శ్రీ చెంచురామయ్యగారు ఆస్థాన విద్వాంసులుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు.

నాటి నుంచి ముప్పై ఏడు సంవత్సరాల పాటు స్వామివారి మేలుకొలుపు మొదలు పవళింపు వరకు ప్రతి సేవకూ ఆయన తమ ఊపిరినే నివేదించారు. ఆ నాదానికి మైకు లేదు, తీగ లేదు. తూర్పుగాలి వీస్తే వరిపొలాల దాకా, పడమటిగాలి వీస్తే వలలు బాగుచేసుకునే ఇసుకతిన్నెల దాకా వినపడేది. గాలి లేని రోజు గుడి వీధి వరకే. అంతకు మించి వినిపించాలన్న యావ ఆయనకు ఏనాడూ లేదు.

మాఘపౌర్ణమికి స్వామివారు సముద్రస్నానానికి తరలివెళ్లే ఊరేగింపులో ఒకసారి, ఒక ఇంటి ముందుకు రాగానే డోలు విద్వాంసులు జయరామయ్యగారికి కనుసైగ చేసి ఆపించి, తాము మెల్లగా జోలపాటల రాగం నీలాంబరి ఎత్తుకున్నారు. ఎందుకని తర్వాత అడిగితే, "దండెం మీద పొత్తిగుడ్డలు ఆరేసుండారు గదా, లోపల బిడ్డ నిద్రపోతా ఉంటుంది" అన్నారు. విద్వత్తు అంటే ఇదీ! వాయిస్తూ వాయిస్తూ ఊరిని వినడం.

నాలుగేళ్ల క్రితం జయరామయ్యగారు పదవీ విరమణ చేశారు. ఆ కొలువు ఖాళీగా ఉండిపోయిందని కాగితాల్లో ఉంది. ఉండిపోలేదు, ఉంచారు. ఆయన స్థానంలో, కరెంటు పెడితే డోలూ గంటా కలిపి బాదే మోటారు యంత్రం వచ్చింది. "రోజూ సాయంత్రం ఆరింటికి తనంతట తానే మోగును, సెలవు కోరదు" అని దానికి సిఫారసు నోటు రాసింది మరెవరో కాదు, ఈ వ్యాసం రాస్తున్న జూనియర్ అసిస్టెంటు వనజాక్షే. ఆ చెయ్యి పడిపోనూ! ఆనాటి నుంచి హారతి వేళ ఆ మోతలో చెంచురామయ్యగారు నాదస్వరం ఊదడం కనిపించేదే గాని వినిపించేది కాదు.

గత కార్తీకంలో, గుడి వీధిలోనే కాపురముండే పోలేరయ్య వేటకు పోయి మునిగిపోయాడు. మూడోనాడు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. వీధిలో శవం ఉండగా గుడి తలుపు తెరవకూడదు, మేళం మోగకూడదు. ఊరు పుట్టినప్పటి కట్టుబాటు అది. అర్చకులు తలుపులు వేశారు. చెంచురామయ్యగారు నాదస్వరాన్ని గుడ్డలో చుట్టిపెట్టి, పోలేరయ్య వాకిట్లో పదిమందితో పాటు కూర్చున్నారు. యంత్రాన్ని ఆపాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. సరిగ్గా ఆరింటికి అది అందుకుంది. భర్త పక్కన కూలబడి ఉన్న మస్తానమ్మ తలెత్తి, "దేవుడికి ఈ పొద్దు పండగా అన్నా?" అని చెంచురామయ్యగారిని అడిగింది.

అరవై దాటిన ఆ పెద్దమనిషి గుడికి పరుగెత్తి, పక్కవాకిట్లోంచి దూరి, తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. ప్లగ్గుతో పాటు గోడలోని సాకెట్టూ ఊడొచ్చింది.

మస్తానమ్మకు క్షమాపణ చెప్పినవారు లేరు గాని, దేవస్థానం ఆస్తికి నష్టం కలిగించారని ఆయనకు మెమో మాత్రం ఇచ్చారు. దాన్ని టైపు చేసిందీ వనజాక్షే. సిగ్గు! ఆయన సమాధానం మూడు వాక్యాలు: "ఆ మిషనుకు నోరుంది, చెవుల్లేవు. చెవులు లేనిదాని నోరు మూసినాను. తప్పయితే నాదే."

ఇంతటితో అయిపోయిందా అంటే, లేదు. ఆయన తన పదవీ విరమణకు ముందే అన్ని సేవలూ వాయించి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పోవాలని ఉత్తర్వు వచ్చింది. ఎందుకో చిన్నపిల్లలకైనా తెలుసు: ఆ కొలువూ ఇక నింపనక్కర్లేదు. ఆయన గద్దెను ఆయన చేతే పీకించడం అన్నమాట! ఆ కాగితం పట్టుకుని ఆయన ఆఫీసుకు వచ్చారు. కోపం లేదు ఆ మొహంలో.

"వాయిస్తానమ్మా వనజాక్షీ. అయితే మస్తానమ్మ వాకిలి ముందు ఎప్పుడు ఆపాలో కూడా అందులో ఎక్కియ్యాల. ఎట్టా ఎక్కిస్తారో చెప్పండి, ఇప్పుడే కూర్చుంటా."

ఆ పెన్‌డ్రైవ్ ఈనాటికీ ఖాళీగానే ఉంది. ఆ రోజే వనజాక్షి, ఎవరూ అడగకుండానే, డోలుకూ నాదస్వరానికీ మనుషులను నియమించాలని కొత్త నోటు రాసి పైకి పంపింది. మూడు నెలలైంది. ఈ విరమణ సన్మాన సంచికలోనే ముందు పేజీల్లో చెంచురామయ్యగారిని నాదబ్రహ్మ అని, తపస్వి అని పొగిడిన పెద్దల బల్లల మీదే అది పడి ఉంది. అయ్యలారా, పొగడ్తలకు కలం కదిలింది గదా, సంతకానికి కదలదా? సభలో శాలువా కప్పడానికి ముందు ఆ కాగితం తెప్పించండి. ఆ మాత్రం ఆలస్యమైతే ఆయనకు చలేమీ వేయదు.

శ్రీ చెంచురామయ్యగారు సతీసమేతులై, సంపూర్ణ ఆయురారోగ్యాలతో, ఊపిరి చెదరకుండా నిండు నూరేళ్లు జీవించాలని చెన్నకేశవస్వామిని వేడుకుంటున్నాము. రేపటి నుంచి ఏ సాయంత్రం ఆరింటికి ఆయన మన గుడి ముందు నుంచి నడిచి వెళ్లినా, ఆయన చెవిన పడేది ఒక మనిషి ఊపిరే కావాలని, వీధిలో దుఃఖమున్న నాడు ఆ ఊపిరి తనంతట తానే ఆగాలని కోరుకుంటున్నాము.