డెల్వీన్ ఇంట్లో రొట్టె వాసన

న్యూ సౌత్ వేల్స్‌లో ఏటి ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. కూతురు టెగన్ పెళ్లినాడు పొద్దున్నే డెల్వీన్ వంటింటి వెనక గుమ్మానికి గడియ పెట్టినట్టు అడ్డంగా నిలబడింది. మెట్ల కింద ఉన్నవాడు లింటన్. పెళ్లికొడుకు బ్రోడీ తండ్రి, ఊరి వరద సాయం దళానికి పెద్ద.

“ఓవెన్ ఆపు వియ్యపురాలా. నీకు దణ్ణం పెడతాను, ఆపెయ్.”

“ఏ ఓవెను?”

“ఏ ఓవెనా? వీధి చివరిదాకా కొడుతోంది రొట్టె వాసన! ఊరు ఖాళీ అయిపోతోంది, తెలుసా? మా అక్క పెళ్లి టోపీ పెట్టుకుని ఇంటి కప్పెక్కి కూర్చుంది.”

“అయ్యో, ఎండదెబ్బ తగులుతుందేమో!”

“దిగమంటే దిగదు. డెల్వీన్ రొట్టె కాలుస్తోందంటే ఏరు పొంగినట్టే అంటుంది. పెద్ద వరదకి ముందు వారమంతా కాల్చావు. వడగళ్లు పడిన ఏడు కాల్చావు.”

“నేనేమైనా వరదని బొట్టు పెట్టి పిలిచానా? మనసు కుదురుగా లేనప్పుడు పిండి పిసుక్కోమని డాక్టరమ్మ చెప్పింది. పిసుక్కున్నాను. వరద దాని మానాన అది వచ్చింది.”

“వచ్చిందిగా! ఊరు అదే పట్టుకుంది. మీ టెగన్ కారు పరీక్షకి వెళ్లిన రోజూ కాల్చావు. అందరూ గుట్టెక్కారు, చుక్క పడలేదు. అయినా బుద్ధి రాలేదు వీళ్లకి. రేడియోని నమ్మరు, నన్ను నమ్మరు, నీ రొట్టెని నమ్ముతారు. పాస్టరుగారు చర్చి పియానోని తాళ్లు కట్టి దూలానికి వేలాడదీశారు.”

“తాడు గట్టిదేనా? కింద ఎవరూ కూర్చోకుండా చూడు.”

“పియానో సంగతి వదిలెయ్. మధ్యాహ్నం పెళ్లి ఎక్కడ? గుట్ట మీద హాల్లో. ఆ హాల్లో ఇప్పుడేమున్నాయి? ఆవులు.”

“ఆవులా?”

“ఆవులే. ఎత్తు కదా అని పాడి ఉన్నవాళ్లంతా తోలుకొచ్చారు. ఒకటి పూలు మేసేసింది. ఇంకోటి కేకు ముందు నిలబడి ఆలోచిస్తోంది.”

“కేకు తింటే దానికి కడుపుబ్బరం వస్తుంది లింటన్...”

“ముందు నా కడుపు మంట చూడు! మనుషులు లేకపోతే పెళ్లి ఎవరి ముందు చేస్తాం, ఆవుల ముందా? ఏట్లో నీళ్లు చీలమండ దాటవు. ఆకాశంలో మచ్చుకి మబ్బు లేదు. ఆపు.”

“ఒక్క గంట ఆగు. పిసికితే తగ్గుతుంది. నాకెప్పుడూ తగ్గేది.”

“గంటలో మా చుట్టాలు పారిపోయి సిడ్నీ చేరతారు! దేనికమ్మా నీ బెంగ? చెప్పు, ఇక్కడే తేల్చేద్దాం. ఉంగరమా? ఇదిగో, నా జేబులోనే ఉంది.”

“జేబుకి చిల్లుందేమో చూసుకో.”

“లేదు. మా బ్రోడీ తాగి పడున్నాడనుకున్నావా? తెల్లారకుండా లేచి స్నానం చేశాడు. బూట్లు కూడా తనే తుడుచుకున్నాడు.”

“మంచి పిల్లాడే. ఎవరు కాదన్నారు? మంచి పిల్లాడే... మంచివాడే కదా?”

“చిన్నప్పట్నించీ నీ ఇంట్లో తిని పెరిగాడు, నన్నడుగుతావేంటి!”

“అదే నేనూ చెప్పాను.”

“ఎవరికి?”

“ఎవరికీ లేదు. నాకు నేనే.”

“లోపల ఆ దబదబ ఏంటి?”

“బట్టల మిషను. దుప్పట్లు వేశాను.”

“పెళ్లిపూట దుప్పట్లా?”

“రాత్రికి చుట్టాలు పడుకోవద్దూ?”

“ఏ చుట్టాలు? అందరూ పారిపోతున్నారు మొర్రో అంటుంటే! తప్పుకో, ఓవెన్ నేనే ఆపుతాను.”

“రాకు! నేల తడిగా ఉంది. జారితే తుంటి విరుగుతుంది. తుంటి విరిగి మంచాన పడితే ఊపిరితిత్తులకి నెమ్ము చేస్తుంది. మా పిన్ని అలాగే పోయింది.”

“డెల్వీన్! సూటిగా చెప్పు. నీకేం భయం?”

“నాకా? నా మటుకు నాకు ఏ భయమూ లేదు.”

“ఏంటీ?”

“ఒట్టు. నాకేం లేదు.”

“ఇన్నేళ్లలో నీ నోట ఈ మాట వినలేదు. ఇప్పుడు నాకు భయమేస్తోంది.”

“చూశావా! నీకూ వేస్తోందిగా! ఎవరికైనా వేస్తుంది, లింటన్. వేసినంత మాత్రాన కొంపలంటుకున్నట్టు కాదు.”

“సరే, సరే. ఒక పని చెయ్. వీధి వరండాలోకొచ్చి రెండు చేతులూ పైకెత్తి ఊపు. పిండి అంటని చేతులు. జనం చూస్తారు, కప్పులెక్కినవాళ్లు దిగుతారు, ఆవుల సంగతి నేను చూసుకుంటాను. వెళ్లి చేతులు కడుక్కురా.”

“కడుక్కోనక్కర్లేదు.”

“వెనక్కి దాచకు. చూపించు... ఇదేంటి? అద్దంలా ఉన్నాయి! గోళ్ల రంగు కూడా చెదరలేదు.”

“నిన్ననే వేయించుకున్నాను. బావుందా?”

“మాట మార్చకు. నువ్వివాళ పిండి ముట్టలేదు.”

“లేదు.”

“మరి ఆ దబదబ...”

“గట్టిగా అరవకు, నీకు పుణ్యముంటుంది. తగ్గిపోతుందని చెప్పానుగా, ఒక్క గంట...”

“అమ్మా! పిండి అయిపోయింది! పెళ్లి గౌను మీద పడ్డది కూడా దులిపి కలిపేశాను. మామయ్య కారులోనే వచ్చాడుగా, ఇంకో బస్తా తెమ్మను!”