అర కిలో దాటిన పుస్తకం

అక్క మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, డబ్బా మూత కూడా తీయకుండా ఫోన్ చేసింది. తమ్ముడు అక్కడికి ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో, తన ఒంటిగది బైండింగు కొట్టులో, ఫోను బల్ల మీద స్పీకర్లో పెట్టి జిగురు చేతులతో నిలబడ్డాడు.

"...అది కాదు నేనడిగింది. పార్సిల్ కట్టేటప్పుడు తూచావా, తూచలేదా?"

"తూచానక్కా."

"ఎంతొచ్చింది?"

"నాలుగువందల ఎనభై."

"అట్టపెట్టెతో కలిపేనా?"

"అట్టపెట్టె, టేపు, అడ్రసు కాగితం. అన్నీ కలిపే."

"మరి కొరియర్‌వాళ్ళ గోడౌన్లో మెషీను అయిదువందల పాతిక చూపిస్తోంది. అంతకుముందు పుస్తకం అయిదువందల ముప్ఫై. దానికి ముందుదీ అంతే."

"మెషీను కదా. ఏదో ఒకటి చూపిస్తుంది."

"అందరి పార్సిళ్ళకీ బాగానే చూపిస్తూ నీ పార్సిల్‌కి మాత్రం ఏదో ఒకటి చూపిస్తుందా?"

"జిగురు సరిగ్గా ఆరి ఉండదు. వానలు పడుతున్నాయి. కాగితం కూడా చెమ్మ పీలుస్తుంది."

"నలభై అయిదు గ్రాముల చెమ్మా? నువ్వు పుస్తకం పంపుతున్నావా, బకెట్ పంపుతున్నావా?"

"నీకు తెలీదు. కాగితం సంగతి నీకు తెలీదు."

"సరే, నాకు తెలీదు. జిగురే అనుకుందాం. లెక్క చెప్తాను, అదైనా విను. అర కిలో లోపు అయితే రవాణా తొంభై. ఒక్క గ్రాము దాటినా కిలో కిందే లెక్క, నూట అరవై. వింటున్నావా?"

"వింటున్నాను. కుట్టు వేస్తూ వింటున్నాను."

"ఆ కుట్టు ఆపి విను. పుస్తకం మూడువందల యాభై. అమ్మిపెట్టే సైటువాళ్ళ వాటా యాభై. కాగితం, అట్ట, వెన్ను గుడ్డ, దారం, నూట ఇరవై. రవాణా నూట అరవై. ఎంత మిగిలింది?"

"ఇరవై."

"బరువు తప్పు రాసినందుకు జరిమానా నలభై. ఇప్పుడెంత?"

"ఇరవయ్యే. సున్నాకి అటువైపు."

"అటువైపు. నవ్వులాటగా ఉంది నీకు. మూడు రోజులు కూర్చుని పుస్తకం కుట్టి, చివరికి నీ చేతి చమురు వదిలించుకుంటున్నావు. ఇవాళ పొద్దున సైటువాళ్ళు నోటీసు పంపారు, తెలుసా?"

"తెలీదు. ఆ మెయిళ్ళన్నీ నీకే వస్తాయిగా."

"ఇంకొక్కసారి బరువు తేడా వచ్చి, ఖాతాలో డబ్బు సున్నాకి దిగితే, సైట్లో నీ కొట్టు మూసేస్తామన్నారు. ఇవాళ సాయంత్రంలోపు సరిచెయ్యమన్నారు. ఇప్పుడు నీ ఖాతాలో ఎంతుందో తెలుసా? పదకొండు."

"పదకొండు వందలా?"

"పదకొండు."

"ఓహో."

"ఓహో ఏంట్రా? కొట్టు మూసేస్తే ఏం చేస్తావు?"

"ఏముంది. పడుకుంటాను."

"అలా మాట్లాడకు."

"మరేం చెప్పను? ముందు ఏం చేసేవాణ్ణి? అదే."

"అందుకే చెప్తున్నాను. ఫ్రీ డెలివరీ తీసేద్దాం. రవాణా ఖర్చు కొన్నవాళ్ళ మీదే వేసేద్దాం. బరువు అయిదువందల యాభై అని ఉన్నదున్నట్టు రాసేద్దాం. నూట అరవై వాళ్ళే కడతారు. నీకు పుస్తకానికి నూట ఎనభై మిగులుతుంది."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"కొనేవాళ్ళ మీద వెయ్యడం నాకు బాగుండదు."

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు. వాళ్ళ మీద వేస్తే నీకేంటి?"

"ఎవరైతేనేం. ఇప్పటికే మూడువందల యాభై పెడుతున్నారు. గీతల్లేని తెల్ల కాగితాల పుస్తకానికి అది చాలా ఎక్కువ."

"మరయితే అట్ట పల్చన చెయ్. బరువు తగ్గుతుంది."

"అట్ట పల్చనైతే వంగుతుంది. వంగితే అది పుస్తకం కాదు, చీటీల కట్ట."

"కాగితాలు తగ్గించు."

"సైట్లో పది ఫారాలు, పది కాగితాల దొంతులు అని రాసి తొమ్మిది కుట్టమంటావా?"

"అదీ వద్దు, ఇదీ వద్దు. నీతో తల ప్రాణం తోకకొస్తోంది. నాకు పాస్‌వర్డ్ తెలుసు. నేనే మార్చేస్తాను."

"మార్చకక్కా. వాళ్ళు కొనడం మానేస్తారు."

"మానరు."

"నీకెలా తెలుసు?"

"అంటే... మామూలుగా చెప్తున్నాను. ఇన్నాళ్ళూ కొన్నవాళ్ళు నూట అరవైకి మానేస్తారా?"

"ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ కొనలేదు కదా. ప్రతిసారీ కొత్తవాళ్ళేగా."

"అదే... కొత్తవాళ్ళయినా."

"గురువుగారూ, పార్సిల్ రెడీయేనా?"

"కొరియరతను వచ్చాడు. ఒక్క నిమిషం అక్కా. రావయ్యా, ఇదిగో."

"ఉండండి గురువుగారూ, తూస్తాను. మొన్న మీ పార్సిల్ బరువు సరిగ్గా చూడలేదని నాకు చీవాట్లు పడ్డాయి. మళ్ళీ అదే ఊరా?"

"అదే ఊరు."

"మీ పుస్తకాలకి ఆ ఊళ్ళో బాగా గిరాకీ ఉన్నట్టుంది. అయిదువందల ఇరవై రెండు, గురువుగారూ. ఓ పని చెయ్యండి. ఊపితే లోపల ఏదో కాగితాల మడత కదులుతోంది, అది తీసెయ్యండి. అర కిలోలోకి దిగిపోతుంది."

"ఉండనీ."

"తియ్యకు, తియ్యకు."

"ఏంటక్కా?"

"ఏం లేదు. తియ్యొద్దంటున్నాను."

"ఎందుకు తియ్యొద్దు?"

"అంటే... కట్టేసిన పార్సిల్ కదా. మళ్ళీ విప్పితే అట్టపెట్టె పాడవుతుంది. టేపు దండగ."

"ఆఁ. నిజమే. టేపు దండగ."

"మీ ఇష్టం గురువుగారూ. నాకైతే అయిదువందల ఇరవై రెండు అని రాయక తప్పదు. ఇక్కడ సంతకం. మీ చేతి జిగురు నా పెన్నుకి అంటించకండి, పోయినసారి జేబులోంచి రాలేదు. వస్తాను."

"మంచిది. జాగ్రత్త, కింది మెట్టు ఊగుతోంది... అమ్మా."

"ఏమైంది?"

"ఏం లేదు. కూర్చుంటున్నాను."

"మెల్లిగా కూర్చోరా. ఆ మోకాలు మడవద్దన్నారు కదా."

"ఏ మోకాలు?"

"అదే, నీ... కుడి మోకాలు."

"నేను పడ్డ సంగతి నీకు చెప్పలేదు కదక్కా."

"చెప్పావు. పోయిన ఆదివారం."

"పోయిన ఆదివారం బాగున్నానన్నాను. అంతకుముందు ఆదివారం కూడా బాగున్నానన్నాను. నువ్వు తిన్నావా అన్నావు, తిన్నానన్నాను. పిల్లలు ఎలా ఉన్నారన్నాను, పరీక్షలన్నావు. బావగారు పిలుస్తున్నారని పెట్టేశావు."

"అంతేనా మాట్లాడుకున్నాం?"

"అంతే."

"మరయితే ఎవరో చెప్పుంటారు."

"నాకు ఎవరున్నారక్కా చెప్పడానికి? సరేలే, డబ్బా తెరిచావా? తింటూ మాట్లాడు. ఆఫీసు టైమైపోతుంది."

"ఆకలిగా లేదు. ఒరేయ్, ఒకటి చెప్తాను. అరవకు."

"నేనెప్పుడు అరిచాను?"

"అదే బాధ. ఎప్పుడూ అరవవు. ఆ రవాణా ఖర్చు కొన్నవాళ్ళ మీద వెయ్యమంటున్నాను కదా. వాళ్ళు కడతారంటున్నాను కదా."

"అంటున్నావు."

"కడతారని నాకెలా తెలుసంటే... కొంటున్నది నేనే కాబట్టి. మొదటి పుస్తకం నుంచీ నేనే. నా పక్క సీటావిడ పేరు మీద ఒకటి. మా పై అంతస్తులో డ్రాయింగు టీచరు పేరు మీద ఒకటి. క్యాంటీన్ ఆవిడ అడ్రసు, మా చిన్నాడి ట్యూషన్ మాస్టారి అడ్రసు. అందరి కాళ్ళూ పట్టుకున్నాను. పార్సిల్ వస్తే విప్పకుండా నాకివ్వండి అని. వింటున్నావా?"

"వింటున్నాను."

"నువ్వేమో కొట్టు పెట్టిన మొదటి రెండు వారాలూ రోజుకి పదిసార్లు ఫోన్ చేశావు, ఎవరైనా కొన్నారా, ఎవరైనా కొన్నారా అని. తర్వాత అడగడం మానేశావు. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేస్తే ఇంకా మంచం మీదే ఉన్నావు. నాకు భయమేసింది. ఒక్కటంటే ఒక్కటి అమ్ముడైతే లేచి కూర్చుంటావనుకున్నాను."

"లేచాను కదా."

"లేచావు. తర్వాత ఆపడానికి నాకు ధైర్యం చాల్లేదు. పదకొండు పుస్తకాలూ నా బీరువాలో చీరల కింద ఉన్నాయి. ఒక్కదాంట్లో ఒక్క అక్షరం రాయలేదు. మీ బావగారికి తెలిస్తే ఇదేం పిచ్చి అంటారు. అంటే అననీ."

"వాసన పట్టుంటాయి. మధ్యమధ్య గాలికి పెట్టాలి. అట్ట బూజు పడుతుంది."

"నేనేం చెప్తున్నాను, నువ్వేం మాట్లాడుతున్నావు? నీకు కోపం రావట్లేదా?"

"ఎందుకు కోపం?"

"నిన్ను మోసం చేశాను కదరా. గిరాకీ ఉందని నమ్మించాను. పైగా నీ ఉత్తరాలు చదివాను. పరాయివాళ్ళకని నువ్వు రాసుకున్న ఉత్తరాలు, ఒక్కోటి ఆరేసి పేజీలు, అన్నీ చదివాను. మా ఆఫీసు బాత్రూంలో తలుపేసుకుని చదివాను. ఫారాలు లెక్కపెట్టేటప్పుడు మీ ఆవిడ పక్కన కూర్చుని నీ తప్పులు దిద్దేదని రాశావు చూడు..."

"ఊఁ."

"ఇప్పటికీ పైకే లెక్కపెడుతున్నాననీ, ఒకరోజు కావాలనే ఏడు తర్వాత తొమ్మిది అన్నాననీ, ఎవరూ దిద్దలేదనీ. మరదలు పోయి మూడేళ్ళయింది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా నాతో ఆ పిల్ల పేరెత్తలేదు నువ్వు. ఎవరో డ్రాయింగు టీచరుకి రాశావు. ఆ రోజు ఎంత ఏడ్చానో నీకు తెలుసా? నా తమ్ముడి సంగతి నాకు ఎవరి పేరు మీదో రావాల్సి వచ్చిందని."

"ఏడుస్తావనే ఫోన్లో చెప్పను."

"ఇప్పుడు ఏడవట్లేదా? సరే, అదంతా వదిలెయ్. నువ్వు తిట్టినా సరే, ముందు కొట్టు నిలబడాలి. సాయంత్రం లోపు ఆ నూట అరవై నా మీద వెయ్. అక్కని కదా, నేను కట్టుకోకూడదా? పుస్తకం బరువు కూడా తగ్గించకు. ఏమీ తియ్యకు."

"వద్దనేది అందుకేనక్కా. నీ మీద వెయ్యడం ఇష్టం లేకనే."

"నా మీదని నీకు ఇప్పుడేగా తెలిసింది?"

"ఉండక్కా, దారం చిక్కుపడింది."

"మాట దాటెయ్యకు. ఇప్పుడేగా తెలిసింది?"

"పదకొండు పార్సిళ్ళు, అన్నీ మీ ఊరికే. ఒక్కరూ బేరమాడలేదు. ఒక్కరూ వెనక్కి పంపలేదు. కుట్టు వంకర పోయిన దానికి కూడా అయిదు నక్షత్రాలు ఇచ్చారు. అంత మంచి గిరాకీ లోకంలో ఎక్కడైనా ఉంటుందా అక్కా?"

"ఎన్నో పుస్తకం దగ్గర తెలిసింది?"

"మూడో దాని దగ్గర అనుమానం. నాలుగో దాని దగ్గర రూఢి అయింది."

"మూడో పుస్తకమా? మరి ఆ తర్వాతవన్నీ... ఏడు తర్వాత తొమ్మిది, మోకాలు, ఆ వాన రోజు పక్కింటివాళ్ళ తలుపు కొట్టబోయి ఏం చెప్పాలో తెలియక తిరిగొచ్చేశాననడం... అవన్నీ నేనని తెలిసే రాశావా?"

"తెలిసే."

"పైన 'పుస్తకం కొన్నవారికి నమస్కారం' అని పెట్టి?"

"ఊఁ."

"ఎందుకురా? నేనేమైనా పరాయిదాన్నా? నాకే రాసుంటే ఒక్క కవరు ఖర్చుతో పోయేది కదా. ఇంత అట్టపెట్టె, ఇంత కిలో లెక్క, ఇంత జరిమానా, ఎందుకివన్నీ?"

"నీకు రాస్తే నువ్వు జవాబు రాయాలి కదక్కా. కొన్నవాళ్ళయితే రాయక్కర్లేదు."