నక్షత్రాలకు ఈదే చేప

టెషీ ఊళ్ళో ఒకీనే శవపేటికలు చేసే వడ్రంగి. ఏ పని చేసి బతికినవాడికి ఆ పని ఆకారంలోనే పెట్టె చేసిస్తాడు. ఈసారి సినిమావాళ్ళొచ్చి, రాబోయే కాలంలో మన గా తెగ జనం నక్షత్రాల మధ్య తిరిగే ఓడ కావాలి, మన పద్ధతిలోనే చెయ్యమన్నారు. అతను ఎర్రటి చేపను చేశాడు. పైన మూత పెట్టాడు.

సాయంత్రం ఆ మూత కింద పడుకోవలసింది సినిమాలో వేషం వేస్తున్న డ్రోమో. పొద్దున దాన్ని చూడగానే, ఇది శవపేటికేనని ఆమె వెనక్కి తగ్గింది. తను దిగకపోతే సినిమా ఆగిపోతుంది. ఆ సంగతి విని ఒకీనే, మొక్కజొన్న కెంకే ముద్దలు వండి అమ్మే అఫియే అత్త పొయ్యి దగ్గర ఆమె తింటుంటే వచ్చి, ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడు.

"భయమెందుకమ్మాయీ? ముందు నేనే పడుకున్నాగా! చిన్న కునుకు తీశాను, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేప తోక కదిలింది!"

"ఎలకేమో చూడు బాబాయ్," అన్నాడు వలలు బాగుచేసే లార్యే.

"ఎలక సముద్రం దాటిస్తుందట్రా? మబ్బులు దాటాం, చందమామను ఒరుసుకుంటూ పోయాం, ఇదిగో, ఈ మోచెయ్యి గీరుకుపోయింది కూడా. అవతల ఊరుంది. మన ఊరే, వెయ్యేళ్ళ తర్వాతది. మేడలన్నీ చెక్కిన పీటల్లా ఒకదాని మీద ఒకటి, పడవలు గాల్లో, డప్పు కొడితే దీపాలు వెలుగుతున్నాయి! ఇళ్ళేమిటో తెలుసా? అన్నీ నేను చేసిన పెట్టెలే! ఉల్లిపాయలమ్మే ఆవిడ ఉల్లిపాయలోంచి తొంగిచూసి, 'బాగున్నావా ఒకీనే' అంది. డ్రైవరు తన లారీ గుమ్మంలో కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. అందరూ నన్ను చుట్టుముట్టి చేతులు పట్టుకున్నారు. చల్లగా ఉన్నాయి. వీధి చివర ఒక్క జాగా ఖాళీగా ఉంచారు. చేప వస్తుందని ఊడ్చి పెట్టారట..."

అక్కడ అతని గొంతు తగ్గిపోయింది.

"ఎవరి కోసం ఊడ్చారు?" లార్యే ఈసారి నవ్వలేదు.

డ్రోమో చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది. ధైర్యం కోసం చెప్పిన అబద్ధం ఆమె భయానికి ఒక వీధినీ ఇంటినీ కట్టిపెట్టింది. ఆ ఊడ్చిన జాగా తనదేనని ఆమెకు తోచింది. లేచి వెళ్ళిపోదామనుకుంది.

"అదంతా తర్వాత," అన్నాడు ఒకీనే తడబడుతూ. "హాయిగా పడుకున్నాననుకో. తల నుంచి కాలి దాకా వేలెడు సందు లేదు!"

డ్రోమో తలెత్తి అతని నిలువెత్తూ చూసింది.

"బాబాయ్, మీకు వాళ్ళిచ్చింది నా కొలత. నేను మీ భుజం దాకా కూడా రాను. మీకు సరిపోయేలా ఎందుకు చేశారు?"

అఫియే అత్త పొయ్యిలో కట్టె వెనక్కి లాగి అంది: "నేను చెప్తా. బతికున్న మనిషి కొలత ఆ చెక్క మీద గీస్తే చావును పిలిచినట్టేనని మీ వడ్రంగుల పట్టింపు. ఈ పిల్ల కొలత గీయడానికి చెయ్యి రాలేదు నీకు. నీదే గీసుకున్నావు. ఇక నువ్వందులో పడుకోవడమా? దాని పక్కన నిలబడ్డానికే భయపడతావు. చందమామ దాకా వెళ్ళాడట, మొహం చూడు!"

ఒకీనే ముంజేతితో చెమట తుడుచుకున్నాడు.

డ్రోమో చెయ్యి కడుక్కుంది. "రంపం తెండి బాబాయ్. పక్కన తలుపు కొయ్యండి. శవపేటికకి తలుపుండదు, ఓడకుంటుంది. నిలబడి వెళ్తాను, నిలబడి వస్తాను. సినిమావాళ్ళకి నేను చెప్పుకుంటాను."

పొద్దు వాలేలోపు చేప డొక్కలో తలుపు తెరుచుకుంది. లోపల చీకటిగా ఉంది.

"ముందు నువ్వు. కొలత నీదేగా," అంది అత్త.

ఒకీనే తల వంచి, ఒక కాలు లోపల పెట్టాడు. రెండోది పెట్టాడు. అందరూ చూస్తుండగా ఒక్క గెంతులో బయటపడ్డాడు.

"చూశారా! వెళ్ళి తిరిగొచ్చానని నేను చెప్పలా!"

తలుపు చట్రాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం అతను ఒక్కసారీ వదల్లేదు. డ్రోమో ఆ చేతి కిందనుంచే లోపలికి నడిచింది.