ఒకటే డ్రమ్ము

1998 వానాకాలం. విశాఖలో కాలవలకి దోమల మందు కొట్టే జ్ఞానదాసు, ఒక కాలేజీ ల్యాబులో లెక్చరర్ రాధ ముందు కాలవనీళ్ళ సీసా పెట్టాడు. అందులో దోమపిల్లలు ఇంకా ఈదుతున్నాయి.

“మూడు వారాల్నించి కొడతన్నానమ్మా. ఒక్కటీ సావట్లేదు.”

“మందు మంచిదే దాసుగారూ. నిన్న మీరిచ్చింది ఇక్కడ మంచినీళ్ళలో కలిపి వేస్తే సాయంత్రానికి అన్నీ చచ్చాయి. మీరు దేంట్లో కలుపుతున్నారు?”

“మాకున్నది ఒకటే డ్రమ్ము. పొద్దున్న అందులో సున్నం, బ్లీచింగు కలిపి గట్లకి జల్లుతాం. తరవాత అందులోనే ఇది.”

“మధ్యలో కడగరా?”

“కడగడానికి నీళ్ళేవమ్మా?”

“ఈ మందు పురుగు కడుపులోకెళ్ళాక కరగాలి. అక్కడ సున్నపునీళ్ళలాంటి రసం ఉంటుంది. అందులో కరిగితేనే విషమవుతుంది. మీ డ్రమ్ములో మిగిలిన సున్నానికి ముందే కరిగి, బ్లీచింగుకి పాడైపోతోంది.”

అతను సీసా చేతిలోకి తీసుకున్నాడు.

“ఇవి మా వీధి కాలవ నీళ్ళేనమ్మా. మా మనవరాలికి మళ్ళీ మలేరియా వచ్చింది. నాను మందు కొడతన్నాను కదాని దోమతెర కూడా కట్టలేదు.”

“మీకెవరూ చెప్పలేదు కదా. ఇంకో డ్రమ్ము అడగండి.”

“అడిగితే వచ్చే ఏడు ఇత్తారు. మా ఇంట్లో తాగేనీళ్ళ డ్రమ్ముంది. రేపట్నించి అదట్టుకెళ్తాను.”

“మరి ఇంట్లో నీళ్ళు?”

“బిందెల్లో పట్టుకుంటాంలెండమ్మా.”