భీమప్ప ఆకలి మాత్రలు

ఏమ్మా ఇందూ, మందుల సదువు సదువుతాండావంట గద? కూసో, కూసో. ఒళ్లు కరిగిపోయినోళ్లకు ఏం మందియ్యల్లనో సెప్పినారా మీ కాలేజీలో? సెప్పింటారులే. మీ తాత భీమప్ప కత మాత్రం సెప్పింటారా! ఆయప్ప పోయి పన్నెండేండ్లాయె, నీకు గుర్తుండదు. ఈ ఆదోని యార్డులో నేనూ ఆయప్పా ఒకే ముఠాలో హమాలీలం. పత్తి బోరెం, అంత పెద్ద గోనె మూట, ఎత్తినాడంటే, యా అల్లా, పసిపిల్లోన్ని సంకనేసుకున్నట్ల పోతాండె. అట్లాంటోనికి టీబీ వచ్చె. ఆర్నెల్లు మాత్రలు మింగితే రోగం పాయె, దాంతోపాటే కండా పాయె. లుంగీ నడుం మింద నిలిచేది కాదు. "మొహిద్దీనూ, మల్లా బోరెం ఎత్తకపోతే నేను బతికేం లాభమప్పా" అని నా ముందరే యాడ్సినాడు.

నేనే ఎమ్మిగనూరు డాక్టరమ్మ కాడికి తోలకపోయినా. ఆయమ్మ ఆకలి పుట్టే మాత్రలు రాసిచ్చె, కండ పట్టేకి మూడు వారాలకొక సూది. "సూది ఒక్కటే కండ పెట్టదయ్యా, కడుపునిండా తినల్ల, రోజూ కొంచెం బరువెత్తల్ల" అనె. మీ అవ్వ ఎల్లమ్మ కూలికి పోయొచ్చి, ఇంట్లో ఉండేదంతా ఆయప్ప అన్నం తట్టలోనే ఏసేది. "నువ్వు తినవా?" అంటే "నాకు ఆకలి ల్యాదు." రోజూ అదే మాట.

నెలకు మీ అవ్వనూ తోలుకోని ముగ్గురం మల్లా పోయినాం. తూకం సూస్తే మీ తాత అరకిలో గూడా పెరగల్యా! డాక్టరమ్మ తల గోక్కుంటాంటే, మీ అవ్వ మెల్లగ, "అమ్మా, నాకూ ఏదో రోగం తగులుకుండాది. కడుపు కాలిపోతాంది. సేన్లో పక్కదాని సద్ది గూడా అడుక్కోని తింటాండా, సిగ్గుపోతాంది" అనె. మీ తాత తల దించుకున్యాడు. నాకు అనుమానమొచ్చి, "ఏం జేసినావప్పా?" అంటి. "మాత్రలు ఈమె టీలో నూరి పోసినా. ఆకలి ల్యాదు, ఆకలి ల్యాదు అంటాంటే, నాకంటే ఈమెకే అవసరమనుకున్యా" అన్యాడు. డాక్టరమ్మ ఎగిరిపడింది సూడు! "ఒకరి మందు ఇంకొకరికి పెడతారా? ప్రాణం మీదికొస్తే?" అని మీ తాతను కడిగేసె. మీ అవ్వ ఆయప్ప దిక్కు సూసి, "ఓరి ఎర్రి మొగుడా! ఆకలి ల్యాక కాదు, ఉండేది ఇద్దరికీ సాలక" అనె. మీ తాత ఆడనే గోడకానుకోని ఎక్కెక్కి యాడ్సినాడు. నాకూ కండ్లల్ల నీల్లు. నవ్వూ వచ్చె, ఏం జేసేది!

ఇంగ ముఠా ఊరికుంటాదా? దినమొక ఇంటినుంచి గుడ్లు, జొన్నరొట్టెలు. మా ఇంటామె జమ్రుద్‌బీ వారానికోసారి మేక కాళ్ల పాయ కాసి పంపేది. ఆయప్ప మాత్రలు ఆయప్పే మింగె, ఇంటెనక ఇసక సంచి ఎత్తడం మొదలుపెట్టె. నాలుగు నెల్లకు యార్డుకొచ్చి బోరెం కిందకి వంగినాడు. అందరం పని నిలిపి సూస్తాండాం. నేను సెయ్యి పెట్టబోతే, "తీయప్పా సెయ్యి!" అని కసిరినాడు. లేపినాడమ్మా! లారీ దాకా మోసినాడు. మేమంతా ఈలలు, కేకలు. మీ అవ్వ సద్ది తెచ్చి ఆ మూల నిలబడుకోని ఉండె. ఆడనే నేల మింద కూలబడి, ఇంతమంది మొగోళ్ల ముందర మూట ఇప్పి, "నాకు ఆకలైతాంది, నేను ముందు తింటాండా" అని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకునె...

...ఊఁ. ఏందీ, యాడుస్తాండానా? ఏంల్యాదులే తల్లీ. ఆ ఫ్యాను కొంచెం ఇటు తిప్పు.