బసవయ్య గారి పికప్పు

ఆటోనగర్‌లో బసవయ్యని అడిగి ఎవరూ ఏదీ తెలుసుకోలేరు. అడక్కపోతే మాత్రం అన్నీ చెప్తాడు. ముప్పై ఏళ్లుగా డీజిల్ పంపులు విప్పి బిగిస్తున్న మనిషి, పనిలో వంక పెట్టడానికి లేదు, తంటా అంతా నోటితోనే. అందుకే ఆ రోజు పొద్దున పదిన్నరకి అమలమ్మ టీ బడ్డీ దగ్గర, బ్యాటరీల కొట్టు ఇశ్రాయేలు ఏమీ అడక్కుండా, తన చక్కెర లేని టీ గ్లాసు పట్టుకుని బల్లమీద ఓ పక్కకి జరిగి అతనికి చోటిచ్చాడు.

కొట్టు తెరవకముందే ఇశ్రాయేలుకి ఫోనొచ్చింది. బసవయ్య భార్య కనకలక్ష్మి.

"అన్నయ్యగారూ, యూనియన్ ఆఫీసు దగ్గర హెల్త్ క్యాంపు పెట్టినప్పుడు ఆయన రక్తపరీక్ష చేయించుకున్నారండి. నెల దాటింది. రిపోర్టేదంటే, 'అది చూసి డాక్టర్లే నోరెళ్లబెట్టారు' అంటారు గానీ నాకు చూపించరు. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారు. కాలికి రేకు కోసుకున్న పుండు మూడు వారాలైనా ఆరట్లేదు. నాకు భయంగా ఉందండి. ఆ కాగితం మీరైనా ఒకసారి చూడండి."

చూస్తానమ్మా అని మాటయితే ఇచ్చాడు. కానీ ఎలా? బసవయ్యని చూపించమంటే చచ్చినా చూపించడు. నమ్మనంటే మాత్రం ఉండబట్టలేడు. ముప్పై ఏళ్ల స్నేహంలో ఇశ్రాయేలు నేర్చుకున్న కిటుకు అదొక్కటే.

బసవయ్య కుంటుకుంటూ వచ్చి కూర్చున్నాడు. అమలమ్మ టీ ఇచ్చింది.

"కాలికేమైందండీ బసవయ్య గారూ?" అన్నాడు స్పేర్‌పార్టుల కొట్టు సూర్యప్రకాష్.

"ఏమీ కాలా. మొన్న కారు పట్టుకున్నా కదా, ఆ బరువు."

"కారు పట్టుకున్నారా!"

"ఎత్తి నెత్తిన పెట్టుకున్నాననుకునేరు, అబద్ధమాడితే నాకు అన్నం సయించదు. పటమట డాక్టరమ్మ లేరూ, ఛాయాదేవి గారు, ఆవిడ కారు. టైరు మారుస్తుంటే జాకీ జారింది. బంపరు కింద ఇలా చెయ్యి పెట్టి ఓ రెండు నిమిషాలు ఆపా, అంతే. ఆవిడ చూసి, 'బసవయ్య గారూ, ఇది మీ బలం కాదు, అడ్రినలిన్' అంది. అదేంటమ్మా, పట్టుకుంది నా చెయ్యి, పేరు ఇంకొకడిదా అన్నా. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. ఒంట్లో గ్రంథులని ఉంటాయంట. అవి హార్మోన్లు వదుల్తాయి. విచిత్రం ఏంటో తెలుసా? పైపుల్లేవు! యూనియను జాయింటు లేదు, క్లాంపు లేదు, లీకేజీ లేదు. తిన్నగా రక్తంలోకే వదలటం, రక్తం ఎక్కడికి తీసుకుపోవాలో అక్కడికి తీసుకుపోవటం. ముప్పై ఏళ్లుగా పైపులు బిగిస్తున్నా, అలాంటి ఫిట్టింగు నేను చూళ్లేదు."

"మరి వాటికి పెద్దెవరండీ?" అన్నాడు సూర్యప్రకాష్.

"మెదడు కింద బఠాణీ గింజంత ఉంటది, పిట్యూటరీ. అది మేస్త్రీ. ఎవడు ఎంత పని చెయ్యాలో అదే చెప్తది."

"మేస్త్రీ బఠాణీ అంతే ఉన్నా అరుపు లారీ అంత ఉంటదిలే" అంది అమలమ్మ టీ గిన్నె మీంచి తలెత్తకుండా.

"వినండి మరి. మెడ దగ్గర థైరాయిడ్డు, సీతాకోకచిలుకలా ఉంటది. అది యాక్సిలరేటరు. ఎక్కువైందా, గుండె దడదడ, ఒళ్లు వేడి, తిన్నది తిన్నట్టే కరిగిపోద్ది. తగ్గిందా, ఒళ్లు బరువు, పొద్దస్తమానం నిద్ర. మరి ఎవరు కంట్రోలు చేస్తారు? మన పంపుల్లో గవర్నరుందా లేదా? ఇంజను స్పీడెక్కితే డీజిలు తగ్గించటం, స్పీడు పడిపోతే పెంచటం. అచ్చం అదే. రక్తంలో సరుకు చాలినంత ఉందని తెలిస్తే మేస్త్రీ 'చాల్లే, ఆపు' అంటాడు. ఇక కిడ్నీల మీద టోపీలు పెట్టినట్టు రెండుంటాయి, అడ్రినల్ గ్రంథులు. అవి టర్బో. భయమేసినా, కోపమొచ్చినా ఒక్కసారి వదుల్తాయి, గుండె రేసవుద్ది, దాచుకున్న చక్కెరంతా రక్తంలోకి వచ్చి పడుద్ది."

"అది అందరికీ ఉండేదే కదయ్యా" అన్నాడు ఇశ్రాయేలు.

బసవయ్య గ్లాసు కింద పెట్టాడు. ఇశ్రాయేలు లోపల్లోపల నవ్వుకున్నాడు.

"అందరికీ ఉండేదే. కానీ మీకు భయమేస్తే వస్తది. నేను రమ్మంటే వస్తది. నెల్లాళ్లు ప్రాక్టీసు చేశా. కళ్లు మూసుకుని, నాయనా కుడి అడ్రినలూ అంటే కుడిది, ఎడమదంటే ఎడమది. రామవరప్పాడు రింగు దగ్గర బియ్యం లారీ ఒరిగిపోతుంటే ఒక్క కుడిదే ఆన్ చేశా. ఎడమ చేత్తో టీ తాగుతూ భుజంతో నిలబెట్టేశా. క్లీనరు దణ్ణం పెట్టాడు."

"టీ ఒలకలేదా?" అంది అమలమ్మ.

"ఒలికితే అడుగు. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్తే మీరు కుర్చీల్లోంచి పడతారు."

"ఉన్నది బల్లేలే, చెప్పు" అంది అమలమ్మ.

"గన్నవరంలో విమానం స్టార్టవ్వలేదు. మనకి ఫోను. పోయి చూస్తే పంపులో ఎయిర్ పట్టేసింది. విప్పితే రెండు గంటలు. లోపల నూట ఎనభై మంది, పెళ్లివాళ్లు, ముహూర్తం దాటిపోతుందని ఒకటే ఏడుపు. ఏం చెయ్యను? పైలెట్‌ని పిలిచి, 'బాబూ, రెండో గేరులో వేసి క్లచ్చి తొక్కి ఉంచు, నేను రైట్ అన్నప్పుడు వదులు' అన్నా."

"విమానానికి క్లచ్చి ఉంటదా అండీ?" అన్నాడు సూర్యప్రకాష్, పాపం నిజంగానే.

"నేనడిగాక లేదనే ధైర్యం ఎవడికుంది? రెండు అడ్రినల్లూ ఫుల్లుగా ఆన్ చేశా. రెక్క అందలేదు. పిట్యూటరీని, 'కాస్త ఎదిగే హార్మోను వదలరా అబ్బాయ్' అన్నా. అక్కడికక్కడే అడుగున్నర పెరిగా. ప్యాంటు పొట్టిదైపోయింది, నమ్మండి. థైరాయిడ్డు తొక్కా. ఒళ్లు ఎంత కాలిందంటే కింద తారు మెత్తబడింది. తోశా. రన్‌వే సగం దాటాక రైట్ అన్నా. గుర్రుమని స్టార్టయ్యి అలాగే ఎగిరింది. నేను రెక్క వదల్లేదు. ఉయ్యూరు మీద చూసుకుంటే కింద చెరుకు తోటలు. సరే, ఎంతసేపు వేలాడతాం, కిటికీ కొట్టా. పెళ్లివాళ్లు లోపలికి లాగి, పెళ్లికొడుకు పక్కన కూర్చోబెట్టి బందరు లడ్డూ పెట్టారు. ఒకటి కాదు, రెండు కేజీలు. వద్దంటే ఆడపెళ్లివారు ఏడుస్తున్నారు. తిన్నా. మరి అంత తీపి? కడుపు వెనకాల క్లోమం ఉంది, ఇన్సులిన్ వదుల్తది. తిన్న చక్కెర రక్తంలో తిరుగుతుంటే ఆ ఇన్సులిన్ వచ్చి ఒక్కో కణం తలుపు తీస్తది, చక్కెర లోపలికి పోద్ది, బలమవుద్ది. నా క్లోమం ఎలాంటిదీ? రెండు కేజీలూ రెండు నిమిషాల్లో సర్దేసింది."

ఇశ్రాయేలు టీ చివరి గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"విమానం తోశావు, నమ్మాను. అడుగున్నర పెరిగావు, నమ్మాను. లడ్డూలు మాత్రం నమ్మను."

"ఏంటీ?"

"నీ క్లోమానికి అంత సీను లేదు బసవయ్యా."

బసవయ్య మొహం కందగడ్డలా అయింది. "నన్ను కాదంటే ఊరుకుంటా. నా పంపుని కాదంటే ఊరుకోను. ఇదిగో ప్రూఫు!" అంటూ చొక్కా లోపలి జేబులోంచి తీసి బల్లమీద కొట్టాడు. కాగితం కాదది. పటమట జిరాక్సు షాపులో లామినేషన్ చేయించిన రిపోర్టు.

"చదువు. ఎఫ్ దగ్గర ఎంతుంది? రెండొందల పన్నెండు. ఎఫ్ అంటే ఏంటి? ఏ బండి డీజిలు మీటరైనా చూడు. ఎఫ్ అంటే ఫుల్లు! వంద ఉంటే గొప్పంట, నాది రెండు ట్యాంకులు. నమ్మలేక రెండు గంటలాగి మళ్లీ రక్తం తీశారు, వాళ్ల మిషను చెడిందేమోనని. ఈసారి పీపీ, మూడొందల నలభై. పీపీ అంటే పికప్పు పవరు. పక్కన ఎర్రగా హెచ్ అని వేశారు చూడు, హెవీ! లారీ లైసెన్సుకి వేస్తారే, అది. ఆటోనగర్ మొత్తంలో హెవీ కొట్టింది నేనొక్కణ్ణే."

సూర్యప్రకాష్ నవ్వబోయి ఇశ్రాయేలు మొహం చూసి ఆగిపోయాడు. ఇశ్రాయేలు ఆ అట్టని రెండు చేతులతో తీసుకున్నాడు. రేకు కోసిన పుండు, నాలుగుసార్లు లేవటం, అన్నీ అక్కడే అంకెల్లో ఉన్నాయి.

"బసవయ్యా, ఎఫ్ అంటే ఫాస్టింగ్. ఏమీ తినకముందు. పీపీ అంటే తిన్న తర్వాత. హెచ్ అంటే హెవీ కాదయ్యా, హై. ఎక్కువని."

"ఏం ఎక్కువ?"

"షుగరు."

రోడ్డుమీద ఏదో లారీ రివర్సు పాట పాడుకుంటూ వెనక్కి పోయింది.

"నువ్వే చెప్పావుగా, ఇన్సులిన్ తలుపులు తీస్తుందని. నీ ఒంట్లో తలుపులు తెరుచుకోవట్లేదు. చక్కెరంతా బయటే తిరుగుతుంది. పుండు అందుకే ఆరట్లేదు. ఇలాగే వదిలేస్తే కాలే పోద్ది. ఊరందరి పంపులూ బాగుచేస్తావు, నీ పంపు ఎవడు చూడాలి?"

బసవయ్య అట్టని వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకి తిప్పాడు.

"హెవీ అనే అనుకున్నా రా" అన్నాడు మెల్లగా. ఆ హెచ్ మీద బొటనవేలు రాస్తూ, "సగం అనుకున్నా. సగం... ఎర్ర ఇంకుతో ఎవడూ మంచి మాట రాయడుగా. కనకలక్ష్మి ఇంటరు చదివింది. చూపిస్తే చదివేస్తదని భయమేసింది."

"భయమేస్తే నీకు రెండు అడ్రినల్లూ ఆన్ అవుతాయి కదా" అంది అమలమ్మ. అంటూనే అతని ముందున్న టీ గ్లాసు తీసి పారబోసి, చక్కెర లేనిది పోసి ఇచ్చింది. బసవయ్య మొహం వికారంగా పెట్టి ఒక్క గుక్కలో తాగేశాడు.

"మాటలు కోటలు దాటుతాయి గానీ కాలు ఆస్పత్రి గడప దాటదు నీకు" అన్నాడు ఇశ్రాయేలు లేస్తూ. "పద, ఛాయాదేవి గారు పన్నెండింటిదాకా ఉంటారు. చెల్లెమ్మకి ఫోను చేస్తా, అక్కడికే వస్తుంది."

"సూదులు వేస్తారా?"

"అవసరమైతే వేస్తారు. ముందు మాత్రలిస్తారేమో, ఆవిడ చెప్తుంది. మనం చెప్పం."

బండి స్టార్టు చేశాడు. బసవయ్య కుంటుకుంటూ వచ్చి అట్టని జేబులో పెట్టుకున్నాడు. ఎక్కబోతూ ఆగాడు. కళ్లల్లో పాత మెరుపు కొంచెం తిరిగొచ్చింది.

"ఏదేమైనా ఇశ్రాయేలూ, మూడొందల నలభై అంటే మాటలు కాదు. ఆటోనగర్‌లో ఇంకెవడికైనా వచ్చిందంటావా?"

"ఆరేళ్ల కిందట నాకు నాలుగొందల పన్నెండు వచ్చింది. ఎక్కు."

బసవయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని, బండెక్కాడు.