లోపల వదిలిన గుడ్డ

మెదడులో కణితి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. తలకి కట్టుతో దర్జీ మంచం మీద పడుకుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద భార్య కూర్చుంది.

“నొప్పిగా ఉందా?”

“కుట్లు చురుక్కుమంటున్నాయి. బుర్రకి చిల్లు పెడుతుంటే మన పాత మిషను గుర్తొచ్చింది. ‘ఓ చుక్క నూనె వెయ్యండి డాక్టరుగారూ’ అన్నాను.”

“మత్తిచ్చారుగా!”

“తలకిచ్చారు. నోటికివ్వలేదు.”

“ముక్క ఏపాటిది తీశారట?”

“బియ్యపు గింజంతట. ముక్క చూసి మొత్తం తాను సంగతి చెప్పేస్తారు, నాలాగే.”

“ఏమీ ఉండదులెండి.”

“మనవరాలి గౌను కుట్టేసి బీరువాలో పెట్టాను.”

“పుట్టినరోజుకి ఇంకా చాలా రోజులున్నాయిగా?”

“తీరిక దొరికింది, కుట్టేశాను. లోపల గుడ్డ బాగా వదిలాను. పిల్ల ఎదిగేకొద్దీ కుట్లు విప్పి వదులు చేసుకోవచ్చు.”

“మీరేనా ఈ మాటంటున్నది? ‘ఏటా కొత్తది కుడతాను, గుడ్డ వదలడం దేనికి’ అనేవారుగా!”

“అనేవాణ్ణి.”

ఆమె దుప్పటి అతని భుజాల దాకా లాగింది.

“ఇంటికెళ్ళగానే ఆ వదిలిన గుడ్డంతా కత్తిరించేస్తాను. బిగుతైతే, వచ్చే ఏడు మీరే కొత్తది కుడుదురుగాని.”